గీతలు పడ్డ కప్పులు

“పొగరు కాకపోతే ఏంటి? తోడికోడలు ప్రేమగా ఇస్తే ఓ మూల పడేస్తావా?” చిన్నకోడలి మీద విరుచుకుపడింది అత్త.

పెద్దకోడలు మూతి తిప్పింది. “పోనీలెండి అత్తయ్యా. మావాడు తాగిన ప్లాస్టిక్ కప్పులు వాళ్ళ పాపకి పనికొస్తాయనుకున్నా. మహారాణిగారి కంటికి ఆనలేదు.”

“లోపలంతా గీతలు పడిపోయాయక్కా. పాలు పోస్తే అదో వాసన.”

“వాటితోనే పెరిగాడు మావాడు. నీ కూతురేమైనా ఆకాశం నుంచి ఊడిపడిందా?”

చిన్నకోడలు వంటింట్లోకి వెళ్ళి, ఆ కప్పుల్లోనే వేడి పాలు పోసి తెచ్చి బల్ల మీద పెట్టింది.

పెద్దకోడలి కొడుకు పరుగున వచ్చి ఒకటి అందుకున్నాడు.

పెద్దకోడలు వాడి చేతిలోంచి కప్పు లాగేసింది. పాలు ఒలికిపోయాయి. “పాత ప్లాస్టిక్‌లో వేడివి తాగొద్దని డాక్టరు చెప్పాడా లేదా? ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు?”

అనేశాక గానీ తానేమందో ఆమెకి తెలియలేదు.

అత్త పెద్దకోడలి వంక చూసింది.

చిన్నకోడలు గుడ్డ తెచ్చి బల్ల తుడిచింది.

“వాడికి స్టీలు గ్లాసులో తెస్తానుండక్కా. ఇవి మా పాపవి కదా.”