మోగని ఫోను

“నాన్నా, ఈ యాడ్ ఆపేద్దాం. బూడిదలో పోసిన పన్నీరవుతోంది,” అంది కూతురు, ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పుతూ.

వరండాలో బల్ల ముందు కూర్చున్న పాత రేడియో మెకానిక్ తలెత్తలేదు. సోల్డరింగ్ ఐరన్‌ని మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు. పని ఉన్నా లేకపోయినా పొద్దున్నే దాన్ని తుడవనిదే ఆయనకు టీ గొంతు దిగదు.

“అంత అధ్వాన్నంగా ఉందా?”

“అదే విచిత్రం. బ్రహ్మాండంగా ఉంది!”

ఆఫీసులో నలుగురి యాడ్లకీ లెక్కలు చూసి చెప్పడమే ఆమె ఉద్యోగం. సొంత ఇంటి యాడ్ మాత్రం కొరుకుడు పడటం లేదు. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“ఇదిగో, ఈ గీత ఇంప్రెషన్లు. అంటే యాడ్ ఎంతమంది కంట పడిందో. మన షాపు ముందు నుంచి నడిచి వెళ్ళేవాళ్ళనుకో.”

“ఊఁ.”

“ఇవి క్లిక్కులు. ఆగి, లోపలికి తొంగిచూసినవాళ్ళు. తొంగిచూసిన ప్రతివాడికీ మనమే ఎదురు డబ్బు కట్టాలి.”

తండ్రి నవ్వాడు. “మన షాపులో తొంగిచూడ్డం ఉచితమే. సాయంత్రమైతే సైకిళ్ళు మెట్లకి ఆనించి, పాట అయ్యేదాకా కదిలేవాళ్ళు కాదు. మీ బాబాయి కావాలని సౌండు పెంచేవాడు. ‘కొనకపోతే మానె, విననీ అన్నయ్యా. ఇంట్లో సెట్టు చెడితే ఇంకెక్కడికి పోతారు?’ అనేవాడు.”

ఆమెకూ గుర్తే. బడి వదలగానే నేరుగా షాపుకే వచ్చేది. వేడెక్కిన వాల్వుల వాసన, టంకం పొగ. బల్లకి అటు నాన్న, ఇటు బాబాయి. నాన్న తలెత్తకుండానే చెయ్యి చాచేవాడు. అడక్కుండానే బాబాయి ఆ చేతిలో స్క్రూడ్రైవర్ పెట్టేవాడు. షాపు మూసేసిన రోజున మాటా మాటా పెరిగింది. నాన్న బోర్డు తెచ్చుకున్నాడు, బాబాయి మిగతా సామాను పట్టుకుపోయాడు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు.

“సరే, అసలు సంగతి విను,” అంది ఆమె మళ్ళీ స్క్రీన్ చూపిస్తూ. “ఇది ఫోన్ బొమ్మ నొక్కినవాళ్ళు. తొంగిచూసినవాళ్ళలో సగానికి సగం ఫోన్ కూడా చేస్తున్నారు నాన్నా! ఇలాంటి అంకెలు కనబడితే మా ఆఫీసులో ఎగిరి గంతేస్తారు. మరి నీ ఫోను ఒక్కసారైనా మోగిందా?”

“లేదు.”

ఆ గొంతులో దిగులు లేకపోవడం చూసి ఆమెకి మరీ దిగులేసింది.

యాడ్ రాసింది ఆయనే. ‘మీ ఇంట్లో మూగబోయిన రేడియో ఉందా? మళ్ళీ పలికిస్తాం.’ కింద అన్నదమ్ములిద్దరూ బల్లకి చెరోవైపు కూర్చున్న పాత ఫొటో. ఆ ఫొటో ఎందుకని కూతురు అడిగినా వినలేదు. వివరాలు కూడా ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ తనే టైపు చేశాడు.

“ఎవరో గిట్టనివాళ్ళు పనిగట్టుకుని నొక్కుతున్నారు. లేదా అసలు మనుషులే కాదు, ఏదో యంత్రం నొక్కుతోంది. కంపెనీకి ఫిర్యాదు పెడతాను.”

తండ్రి చేతిలో గుడ్డ ఆగింది. “వద్దమ్మా. ఇంకొన్నాళ్ళు నడవనీ. ఖర్చు నాదేగా.”

“ఖర్చు గురించి కాదు. రోజూ సామాను సర్దుకుని గుమ్మం వంక చూస్తూ కూర్చుంటావు. నేను చూడలేకపోతున్నాను.” ఆమె తన ఫోన్లో యాడ్ తెరిచింది. “ఉండు, అసలు కాల్ వెళుతోందో లేదో తేల్చేస్తాను.”

“ఇప్పుడెందుకే!” తండ్రి సగం లేచాడు. అప్పటికే ఆమె నొక్కేసింది.

రింగ్ వెళ్ళింది. బల్ల మీద తండ్రి ఫోను ఉలకలేదు, పలకలేదు. కానీ అవతల ఎవరో ఎత్తారు. ముందు స్టేషను కోసం వెతుకుతున్న రేడియో ఈల వినబడింది, ఆ వెనకే ఒక గొంతు.

“రేడియో షాపండీ. ఏ సెట్టు? ఏమైంది?”

బాబాయి!

“వా... వాల్వు సెట్టండీ. పలకడం లేదు.”

“పలుకుతుంది, తీసుకురండి. కాస్త ఆలస్యమైతే ఏమీ అనుకోకండేం. కాలు పెట్టే చోటు లేకుండా సెట్లున్నాయి. మొన్నటిదాకా ఈ ఫోను మోగక, తీయించేద్దామనుకున్నాను. ఎవరో మా పాత ఫొటో పెట్టి మా గురించి రాశారట. ఏ పాత గిరాకీయో, వాడి కడుపు చల్లగా!” గొంతు కొంచెం తగ్గింది. “నిజం చెప్పాలంటే, వాల్వు సెట్లకి మా అన్నయ్య చెయ్యే చెయ్యి. నాది ఆయన దగ్గర నేర్చిన పని. అయినా పలికిస్తాలెండి.”

ఫోన్ పెట్టేసి స్క్రీన్ వంక చూసింది. చిన్నప్పుడు ఎక్కాలతోపాటు బట్టీ పట్టిన నంబరు. సామానుతోపాటు బాబాయి పట్టుకుపోయిన షాపు ల్యాండ్‌లైను! ముందు కళ్ళు చెమర్చాయి, మరుక్షణం ఒళ్ళు మండింది.

“నాన్నా! అలవాటు కొద్దీ పాత నంబరు కొట్టేశావు! నీకు రావాల్సిన పనంతా బాబాయికి పోతోంది. తనకి ఒంట్లో బాగాలేదని తెలిసి నువ్వు పంపిన దుప్పటిని మడతైనా విప్పకుండా తిప్పి పంపిన మనిషికి! ఉండు, ఇప్పుడే మార్చేస్తాను.”

తండ్రి ల్యాప్‌టాప్ మూత మెల్లగా దించి, దాని మీద చెయ్యి వేశాడు.

“వాడి గొంతు ఎలా ఉందమ్మా?”

“హుషారుగానే ఉంది. ఎందుకు?”

“మార్చకు. నంబరు తప్పు కాదు... నేను చేత్తో ఇస్తే వాడు పుచ్చుకోడు.”