వెనకాలే వచ్చిన బండి

“ఈ కారు ఎవరిది?”

పెద్దదోర్నాల సెంటర్లో హోటల్ రేకుల కింద నిలబడిన మనిషి గట్టిగా అడిగాడు. నల్ల రెయిన్‌కోటు, మాసిన గడ్డం.

టీ గ్లాసు పట్టుకున్న ఎలీషబా తల పైకెత్తింది.

“నా బిడ్డది! సొంత సంపాదన. మార్కాపురంలో నర్సు. మా పాలెంలో మొట్టమొదటి కారు ఇదే. డ్యాం గేట్లు ఎత్తినారంటే నన్ను కూర్చోబెట్టుకొని శ్రీశైలం తీసకపోయింది!”

ఆ మాట ఆమె పొద్దున్నుంచి అందరికీ చెబుతూనే ఉంది. డ్యాం దగ్గర మొక్కజొన్న పొత్తులమ్మే ఆవిడక్కూడా చెప్పింది. ఏళ్ల తరబడి మిరప చేలల్లో కూలికి వంగిన నడుము, ఈరోజు సీటు బెల్టు పెట్టుకుని కూర్చుంది మరి.

“అమా, ఊరందరికీ చెప్పాల్నా?” షారోన్ గొణిగింది.

“చెప్తా. నీకేంది?”

ఆ మనిషి హోటలాయన వైపు తిరిగాడు.

“తొందరగా కట్టు సామీ. ఇల్లు ఈ సందులోనేగానీ, బజ్జీలు చల్లారితే మనవరాలు నన్ను లోపలికి రానీదు.”

పొట్లం అందుకుని, లైట్లు వేసే ఉన్న కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక వంగి చూశాడు. డిక్కీ మీద తట్టాడు.

షారోన్‌కు ఒళ్లు మండింది. పొద్దున్నుంచి దారిలో కనబడిన ప్రతి మగవాడూ ఆమెకు డ్రైవింగ్ నేర్పబోయినవాడే.

“పాపా, ఒక్కమాట...”

“నాకు నడపడం వచ్చులే పెద్దాయనా. ఎక్కమ్మా, పోదాం.”

అద్దం పైకి లేచింది. ఆయన ఏదో అరిచాడు. రేకుల మీద వాన చప్పుడులో ఒక్క ముక్కా వినపడలేదు.

ఊరు దాటేసరికి వాన జోరందుకుంది. పొద్దు గూకకముందే చీకటి కమ్మింది.

అద్దంలో ఒకే ఒక్క లైటు.

మెరుపు మెరిసింది. నల్ల రెయిన్‌కోటు!

“అమా, ఆ హోటల్ దగ్గరాయన. మన వెనకాలే వస్తన్నాడు.”

“ఇల్లు ఆ సందులోనే అన్నాడే!” ఎలీషబా వెనక్కి తిరిగి చూసింది.

షారోన్ వేగం తగ్గించింది. బైకూ తగ్గింది.

పెంచింది. బైకూ పెరిగింది.

“ముందుకు పోడు, వెనక ఆగిపోడు. ఏంది ఈయన?”

“ఆపొద్దు పాపా. జనం ఉన్న చోటే ఆపు.”

పెద్దారవీడు దాటాక వెనక నుంచి ఒక లారీ దూసుకొచ్చింది. బైకు పక్కకు తప్పుకోలేదు. రోడ్డు మధ్యకు వచ్చింది. ఆ మనిషి అటూ ఇటూ ఊగుతూ, ఒక చెయ్యి పైకెత్తి ఊపాడు. లారీ బ్రేకులు కీచుమన్నాయి. హారన్ కొట్టుకుంటూ, పక్కనుంచి దాటిపోయింది.

“తాగినాడమ్మా!”

“ప్రభువా, నా బిడ్డను కాపాడు తండ్రీ!”

మార్కాపురం పొలిమేరలో పలకలు కోసే షెడ్లు కనిపించాయి. పక్కనే టీ అంగడి, నలుగురు మనుషులు. షారోన్ హారన్ మోగిస్తూ కారు ఆపింది.

“అన్నా! దోర్నాల నుంచి మా వెంట పడినాడు ఈయన!”

పని ముగించుకుని టీ తాగుతున్నవాళ్లు లేచారు. బైకు ఆగీ ఆగకముందే ఒకడు కాలరు పట్టుకున్నాడు.

“ఈ వయసులో ఆడోళ్ల వెంట పడతావా?”

ఆయన విడిపించుకోలేదు. చలికి వణుకుతున్నాడు. కారు వైపు చెయ్యి చూపించాడు.

“వెనక్కి పోయి చూడండి నాయనా.”

చూశారు.

ముందు లైట్లు రోడ్డంతా వెలుగు పరుస్తున్నాయి. వెనక మాత్రం ఎర్రటి చుక్క ఒక్కటి లేదు. బూడిద రంగు కారు ఆ వానలో, ఆ రోడ్డులో కలిసిపోయి ఉంది.

“చెప్దామంటే పాప వినలేదు. నా బండికి వెనక లైటుంది గదా, అడ్డం ఉంటే చాల్లే అనుకున్నా.”

కాలరు మీది చెయ్యి జారిపోయింది.

షారోన్‌కు లారీ బ్రేకులు కీచుమన్న చప్పుడు మళ్లీ వినిపించింది.

“బాగా నడిపినావు పాపా,” అన్నాడాయన. “రేపు ఆ లైట్లు చూపించుకో.”

కాలరు పట్టుకున్నవాడు తల గోక్కున్నాడు. “ఇంతకీ ఈయన ఎవరమ్మా? మీకేమవుతాడు?”

ఎలీషబా తల పైకెత్తింది. హోటల్ దగ్గర ఎత్తినదానికంటే ఎత్తుగా.

“మా అన్న!”

ఆ మాట ఆయనకు వినపడిందో లేదో. అప్పటికే కిక్కు కొట్టాడు.

“అన్నా, టీ అన్నా తాగి పో! ఊళ్లో యాడికి పోవాల నువ్వు?”

బైకు ఊళ్లోకి పోలేదు. అక్కడికక్కడే వెనక్కి తిరిగి, వచ్చిన దారినే దోర్నాల వైపు కదిలింది. హ్యాండిల్‌కు వేలాడుతూ, దారం కూడా విప్పని బజ్జీల పొట్లం.