నువ్వుల వరుస

మిసావో నువ్వుల పువ్వుల మీది పురుగుల్ని గొట్టంతో పీలుస్తోంది. గొట్టం ఒక చివర నోట్లో, ఇంకో చివర పువ్వు దగ్గర, మధ్యలో గాజుసీసా. సన్నని ఆకుపచ్చ పురుగులు ఒక్కొక్కటే సీసాలో పడుతున్నాయి. రోజూ పొద్దున్నే రెండువందలు పట్టి టమాటా వరుసల్లో వదలాలి.

వదిలిన చోటే వేట మొదలవుతుంది. పురుగు తెల్లదోమ పిల్ల మీదికెక్కి, సూదిలాంటి ముక్కును వీపులో దింపి, లోపలున్నదంతా పీల్చేసి, ఖాళీ తోలు వదిలేసి ఇంకోదాని మీదికి పోతుంది. కిందటేడు ఆ తెల్లదోమే ఆకుముడత తెచ్చి తోటంతా చంపింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. ఈ ఏడూ పంట పోతే ఈ ప్లాస్టిక్ కప్పు పాలీహౌస్ పీకేయడమే.

పాలీహౌస్ తలుపు దబ్బున తెరుచుకుంది. ఆమె భర్త తెత్సుయా ఒక టమాటా కొమ్మ విరిచి తెచ్చి ఆమె ముఖం మీద విసిరాడు.

"చూడు. కాండం చుట్టూ కాట్లు. నీ పురుగుల పనే."

"అది దోమలు అయిపోయిన మూల. ఆకలికి గీరాయి. పట్టి మళ్ళీ నువ్వుల మీద వదిలితే సరిపోతుంది."

"నకౌచి నేర్పిన పాఠాలు నాకు చెప్పకు."

పక్క తోట నకౌచి ఆ పురుగుల్ని నువ్వుల మొక్కలతో సహా ఇచ్చాడు. ఒకరి తోటలో పెరిగినవి ఇంకొకరికి ఊరికే ఇవ్వడం ఆ కోచి లోయలో వాడుక.

"ఆయన తోట పచ్చగానే ఉందిగా," అంది మిసావో.

చెంప పగిలింది. సీసా రాతి మీద పడి బద్దలైంది. తెత్సుయా నువ్వుల మొక్కల్ని వేళ్ళతో సహా పీకి బూటు కాళ్ళతో తొక్కాడు. అడ్డం వెళ్తే పక్కటెముకల మీద తన్నాడు. తర్వాత మందు డబ్బా భుజానికెత్తుకున్నాడు.

ఆకుపచ్చ పురుగులు వెల్లకిలా రాలి, కాళ్ళు కొట్టుకుంటూ చచ్చాయి. మందుకు ఎప్పుడో అలవాటుపడ్డ తెల్లదోమలు మాత్రం లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ అవే ఆకుల మీద వాలాయి.

సగం తోటకే డబ్బా ఖాళీ అయింది.

"మిగతా సగం అన్నం తిన్నాక," అన్నాడు తెత్సుయా.

ఇంట్లో ముసలి హరుయో వడ్డిస్తోంది. ఎప్పటిలాగే మొదటి గిన్నె తెత్సుయాకి పెట్టింది. పదకొండేళ్ళుగా మొదటి స్నానమూ అతనిదే. మిసావో ఒళ్ళు ఎన్నిసార్లు కమిలినా ఆవిడది ఒకటే మాట: "ఇంటిపేరు నిలవాలంటే అతనుండాలి. సర్దుకో."

"అమ్మా, ఇవాళ తేలిపోవాలి," అన్నాడు తెత్సుయా. "తోటలో నేనుండాలా, ఆ పురుగులుండాలా?"

హరుయో మిసావో పెదవి మీది నెత్తురు చూసింది.

"వాటిని తెచ్చిందెవరు?"

"నేనే."

"నన్నడిగావా?"

"లేదు."

"అదీ పొగరు," అని నవ్వాడు తెత్సుయా. "పురుగులకి పూటపూటా మేత, మొగుడికి మాత్రం చల్లారిన మిసో పులుసు."

"ఎన్ని మిగిలాయి?" అంది హరుయో.

"సగం," అంది మిసావో. "ఇవాళ మందు పడకపోతే అవే మళ్ళీ పెరుగుతాయి."

ముసలావిడ లేచి లోపలికి వెళ్ళింది. అల్మరా సొరుగులు లాగిన చప్పుడు చాలాసేపు వినిపించింది. బట్టల మూట ఒకటి తెచ్చి, చెప్పులు విడిచే చోట పెట్టింది.

"ఈ ఇంట్లో నెత్తురు కడగడం ఇక నావల్ల కాదు," అంది. "నా కడుపున పుట్టనివాళ్ళు ఈ పూట ఇక్కడ అన్నం తినరు."

మిసావో తల వంచుకునే ఉంది. పులుసు మీద ఆవిరి ఆగిపోయింది.

ఇల్లరికం వచ్చిన తెత్సుయా మూట అందుకుని గడప దాటాడు.