పొయ్యి పక్కన

ఇప్పుడు ఎవరి గదీ తన సొంత చప్పుడు చెయ్యదు. గోడల్లోని స్పీకర్లు మన చప్పుళ్లని మనం కోరిన చోట మోగినట్టు వినిపిస్తాయి. పైఫ్లాట్లో ఆయన దగ్గితే రాజమహల్లో దగ్గినట్టుంటుంది. నా వంటగదిలో మాత్రం, రోడ్డు కోసం పడగొట్టేముందు రికార్డు చేయించుకున్న మా కాకినాడ వంటిల్లే పలుకుతుంది.

ఈ ఉదయం స్పీకర్ల సర్వీసుకొచ్చిన రోహిణి నాలుగు మూలలా చప్పట్లు కొట్టి మొహం చిట్లించింది.

"అంకుల్, పొయ్యి పక్కన చప్పుడు మొద్దుగా ఉంది. రికార్డు చేసినప్పుడు ఎవరో అక్కడ నిలబడ్డారు. అందర్నీ బయటికి వెళ్లమనలేదా?"

"అన్నారమ్మా. మా ఆవిడే కదల్లేదు. పాలు పొంగిపోతాయంది."

"పాల కోసం ఇల్లు పాడుచేశారన్నమాట!" అని నవ్వింది. "నిమిషంలో సరిచేస్తా. ఆవిడ నిలబడ్డ గుర్తు చెరిగిపోతుంది."

భానుమతి పోయాక టీ పెట్టుకోవడానికి కూడా ఓపిక చాలక, చాలా పొద్దులు ఆ పొయ్యి దగ్గరే ఊరికే నిలబడిపోయాను. ఆ చప్పుడులో తను ఇంకా అక్కడే ఉందని నాకు తెలియనే లేదు.

"వద్దమ్మా, అలాగే ఉండనీ," అన్నాను.

రోహిణి వెళ్లాక పాలు పొయ్యి మీద పెట్టి, ఆ చోటు వదిలి, కాస్త పక్కకి జరిగి నిలబడ్డాను.