ఘనీ మోకాలు

నమాజులో నుదురు నేలకు ఆనించి లేవబోయేసరికి ఘనీ కుడి మోకాలు పట్టేసింది. వరుసలో అందరూ లేచి నిలబడ్డారు. ఘనీ ఒక్కడే నేల మీద ఉండిపోయాడు. నమాజు అయ్యాక ఎవరో ఇద్దరు చంకల్లో చేతులేసి లేపి ఇంటికి చేర్చారు.

ఎల్లారెడ్డిలో ఘనీ నోట పడని మనిషి లేడు. తన పిండి గిర్నికి జొన్నలు తెచ్చినవాళ్లను ఆటపట్టించనిదే సంచి దించుకోడు. అలాంటివాడు ఆ రోజు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

వీపు మీద బస్తాతో గిర్రున తిరిగిన రోజు నుంచి ఏడాదిగా ఇదే వరస. నడుస్తూ ఉండగా మోకాట్లో ఏదో అడ్డం పడుతుంది. కాలు చాపడానికి రాదు. కాసేపు అటూ ఇటూ ఆడిస్తే టక్కుమని విడుస్తుంది. గిర్ని పట్టా తెగితే కుట్టుకోవచ్చు. దీన్నేం చేయాలో తెలియలేదు.

అక్క అన్వరి బేగం ఆ ఏడాదంతా నవ్వుతూనే ఉంది.

"నీ కాలుకు తాళం వడ్డదిరా ఘనీ. చాబీ యాడ పారేసుకున్నవ్?" అనేది.

భర్త పోయాక ఆమె తమ్ముడి దగ్గరే ఉంటోంది. పిల్లలు లేరు. తల్లి లేని ఘనీని సాకింది ఆమే. అక్కను ఘనీ ఆపా అంటాడు. నీ దిక్కు మాట్లాడడానికి ఇంకో మగోడు లేడు ఆపా, తమ్ముణ్ని నేనే, దుష్మన్‌నీ నేనే అని ఘనీ ఎదురు నవ్వేవాడు.

మసీదులో కాలు పట్టేసిన కొన్నాళ్లకు ఆపా చుట్టాల పెండ్లికని ఒక్కతే హైదరాబాద్ పోయింది. తిరిగి వచ్చాక మోకాలి మీద హాస్యాలు మానేసింది. చెప్పులు కూడా విప్పకుండా, "కామారెడ్డికి పోదాం నడువు. ఆపరేషన్ చేపిచ్చుకోవాలె," అంది. పెండ్లిలో ఎవరో కాలు బాగైనవాణ్ని చూసి ఉంటుందనుకున్నాడు ఘనీ.

కామారెడ్డిలో ఎముకల డాక్టరు ఘనీని బల్ల మీద పడుకోబెట్టాడు. మోకాలి పక్కన వేళ్లు ఆనించాడు. మడమ పట్టి కాలు మడిచి, పాదం తిప్పుతూ మెల్లగా చాపాడు. లోపల టక్కుమంది. ఘనీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. అందులో ఎముకలే కనబడతాయని, చెడింది ఎముక కాదని డాక్టరు చెప్పాడు. రెండు ఎముకల నడుమ నెలవంకల్లాంటి రెండు మెత్తలుంటాయట. లోపలివైపు మెత్త చిరిగి, ఆ పీలిక మడతపడి కీలులో ఇరుక్కుంటోందట.

కోసి మెత్త తీసేస్తే కాలు పట్టెయ్యదు. కానీ మెత్త లేని మోకాలు కొన్నేళ్లకు గుజ్జు అరిగి సతాయిస్తుంది. అది ఎనభై నాలుగో సంవత్సరం. సన్న దుర్బీను లోపలికి పంపి చిరిగిన పీలిక ఒక్కటే కత్తిరించే కొత్త పద్ధతి వస్తోందని, బరువులెత్తకుండా రెండేళ్లు ఓపిక పడితే అదే మేలని డాక్టరు అన్నాడు. ఘనీకి ఆ మాట నచ్చింది.

ఆపాకు నచ్చలేదు.

"ఆగేది లేదు డాక్టర్ సాబ్. ఇప్పుడే కొయ్యుండ్రి."

"ముసలితనంల నీ తమ్ముడు నిన్ను తిట్టుకుంట ఏడుస్తడమ్మా."

"ఏడ్వనియ్యుండ్రి."

ఘనీ తెల్లబోయాడు. చిన్నప్పుడు తనకు ముల్లు గుచ్చుకుంటే తనకంటే ముందు ఏడ్చింది ఈ ఆపానే.

ఆపరేషన్ అయింది. తీసిన మెత్తను డాక్టరు సీసాలో చూపించాడు. తెల్లగా, కొబ్బరి ముక్కలా ఉంది. ఇంత దానికా మసీదులో పరువు పోయిందని ఘనీ దాన్నే తిట్టాడు. వార్డంతా నవ్వింది. ఆపా నవ్వలేదు.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు తన రొట్టె కూడా ఘనీకే పెట్టింది. ఆకలి లేదనేది. కుట్లు విప్పాక మడమకు ఇసుక సంచి కట్టి కాలు పైకి లేపించేది. ఘనీ నొప్పితో మూలిగితే కొంగు నోట్లో కుక్కుకుని అటు తిరిగేది. ఆపమని మాత్రం అనేది కాదు.

ఇంటికొచ్చాక మరీ విడ్డూరం. పెరట్లో మరుగుదొడ్డికని తవ్వించిన గుంత నడుము లోతు ఉంది. అందులోకి దిగమంది. ఘనీ భార్య తాహేరా నవ్వాపుకోలేక లోపలికి పోయింది. గట్టు మీద తవుడు బస్తా ఉంది. గుంతలో నిలబడి దాన్ని అందుకోవాలట, వంగి కింద పెట్టాలట. ఘనీ అలవాటుగా వీపు తిప్పాడు.

"వీపు మీద గాదు. రెండు చేతుల మీద తీస్కో. ఇసిరెయ్యకు, మెల్లగ పెట్టు."

"బస్తాలు గిట్ల ఎవడన్న మోస్తడా ఆపా? జూసినోళ్లు నాకు పిచ్చి లేశిందంటరు."

మోకాలు వణికింది. ఘనీ నిలదొక్కుకోలేక గోడ పట్టుకున్నాడు. ఆపా బస్తాను చేత్తో తడిమి చూసింది.

"సగం తవుడు తీసెయ్ తియ్. గంత బరువుండదు."

ఘనీ సంతోషంగా సగం కుమ్మరించాడు.

తర్వాత రోజూ అదే పని. ఆపాకు ఓపిక తగ్గింది. తాహేరా చెయ్యి పట్టుకుని వచ్చి గట్టు మీద కూర్చునేది. ఎండలకు చిక్కిపోతున్నావు, గాలొస్తే ఎగిరిపోతావని ఘనీ ఏడిపించేవాడు. చివరికి ఒకనాడు మోకాలు సులువుగా వంగింది, సులువుగా లేచింది. ఆపా తమ్ముణ్ని దగ్గరికి పిలిచి, మోకాలి మీద కుట్ల గీతను వేలితో తడిమింది.

"ఇగ నాకు రంది లేదు," అంది.

హైదరాబాద్ డాక్టర్లు ఆపాకు చెప్పిన గడువు వానలకు ముందే తీరింది గనుక, ఆడమనిషిని గోరీలోకి దించేటప్పుడు పరాయి మగవాడి చెయ్యి తగలకూడదు గనుక, ఘనీ ఒక్కడే లోపలికి దిగి, తెల్లబట్టలో చుట్టిన అక్కను రెండు చేతుల మీద అందుకుని, మోకాళ్లు వంచి మెల్లగా పడుకోబెట్టాడు.