మామగారి పాత ధరలు

“క్షవరానికి ఎంతిచ్చారు మామయ్యగారూ?”

పెద్దాయన అద్దంలో చెంపలు నిమురుకుంటూ గర్వంగా నవ్వాడు. “అయిదు రూపాయలు. గడ్డంతో కలిపి! వాడు కిక్కురుమనకుండా పుచ్చుకున్నాడు. అబ్బాయేమో నూటయాభై తగలేసి వస్తాడు. వాడి తలేమైనా నాకంటే పెద్దదా?”

“మీకున్న నేర్పు ఆయనకెక్కడిదండీ,” అంటూ కోడలు వంటింట్లోకి తప్పుకుంది. సెలూన్‌లో ఇవ్వాల్సిన మిగతా డబ్బు ఆమె పర్సులో విడిగా మడిచిపెట్టి ఉంది.

ఇదంతా పెద్దాయన ఆస్పత్రి నుంచి వచ్చాక మొదలైంది. టమాటాలు కిలో అరవై అన్నందుకు కూరగాయలామెతో వాదించి వాదించి, ఆ బుట్టల మధ్యే కళ్ళు తిరిగి పడిపోయాడాయన. ఒకప్పుడు నాలుగువందల జీతంతో ఇంటిల్లిపాదినీ పోషించి, చెల్లెళ్ళ చదువులు గట్టెక్కించిన మనిషి. ఇప్పుడా నాలుగువందలు రెండు రోజుల కూరలకు రావంటే, ఎవరో తన జేబు కొట్టేసినట్టే ఉండేది ఆయనకి. “నోటు మీద అంకె అదే. సరుకు మాత్రం చారెడు. మధ్యలో తిన్నదెవడు?” అని కనిపించినవాళ్ళనల్లా నిలదీసేవాడు.

డాక్టరు ఆయన్ని పరీక్షించి, కోడల్ని పక్కకి పిలిచాడు. “ఉప్పు తగ్గించండి. ధరలు అసలు తెలియనివ్వకండి.”

ఇంట్లో కూర్చోబెడదామంటే కూర్చునే మనిషి కాదు. సంచీ పట్టుకుని వీధిలోకి వెళ్ళనిదే ఆయనకి పొద్దుపోదు. అందుకని కోడలే ఒక సాయంత్రం కూరగాయలామె దగ్గరికీ, పాలకేంద్రానికీ, సెలూన్‌కీ, కాఫీ హోటల్‌కీ తిరిగింది. “ఆయన ఎంతిస్తే అంతే తీసుకోండి. మారుమాట్లాడకండి. మిగతాది సాయంత్రం పని నుంచి వస్తూ నేనిస్తాను,” అని అందరినీ బతిమాలుకుంది.

మర్నాటి నుంచి ఆ వీధిలో ధరలు నలభై ఏళ్ళు వెనక్కి నడిచాయి.

“ప్రభుత్వాలు ఆపలేని ధరల్ని నువ్వు ఆపేశావే!” అని భర్త పడీపడీ నవ్వాడు.

“నవ్వండి నవ్వండి. జీతం నాది కదా కరుగుతోంది,” అంది ఆమె. కళ్ళజోళ్ళ దుకాణంలో రోజంతా నిలబడి సంపాదించే జీతం అది. అందులోంచి నెలనెలా కొంత తీసి బట్టలుతికే మిషను కోసం దాస్తోంది. నీళ్ళలో నాని వేళ్ళు పాచిపోయాయి, నడుము పట్టేసింది. ఇప్పుడా దాచే డబ్బంతా కూరగాయలామె గల్లాలోకి పోతోంది. పాపం, ఆమె కూడా ప్రతి సాయంత్రం డబ్బు అందుకునేటప్పుడు తల దించుకుని, “ఎందుకు తల్లీ నీకీ తిప్పలు,” అని గొణిగేది. తన మీద జాలి పడుతోందనుకునేది కోడలు.

పెద్దాయన ఆరోగ్యం మాత్రం దివ్యంగా కుదురుకుంది. పొద్దున్నే పేపరు తెరిచి, “టమాటా ఎనభై అట! నేను మొన్నే మూడు రూపాయలకు తెచ్చాను. ఈ పేపరువాళ్ళకి నోరు తెరిస్తే అబద్ధం,” అని విసిరికొట్టేవాడు. నడకకు వచ్చే స్నేహితులందరినీ కాఫీ హోటల్‌కి తీసుకెళ్ళి, “మొహమాటపడకండ్రా, కప్పు అర్ధరూపాయేగా!” అనేవాడు. ఆ సాయంత్రం కోడలికి ముచ్చెమటలు పట్టేవి.

“నిజం చెప్పేద్దామండీ,” అంది ఒకరోజు భర్తతో.

“చెబితే మళ్ళీ పడిపోతాడు. ఆస్పత్రి బిల్లు మాత్రం పాత ధరకి రాదు,” అన్నాడతను.

ఆమె పర్సు తీసుకుని కాఫీ హోటల్‌కి బయల్దేరింది.

ఒక ఆదివారం, పెరట్లో దుప్పటి పిండుతున్న కోడల్ని చూసి పెద్దాయన ఆగాడు. “నీ నడుముకి ఈ శిక్షేమిటమ్మాయ్? బట్టలుతికే మిషను నేను కొంటాను. పదిహేనువందలు పారేస్తే వస్తుంది.”

ఆమె చేతిలోంచి దుప్పటి జారిపోయింది. “వద్దు మామయ్యగారూ! నాకు చేత్తో ఉతకడమే ఇష్టం.”

“నాకు చెప్పకు. నేను బేరమాడితే తిరుగులేదు.”

మర్నాడు సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి కొత్త మిషను పెరటి గుమ్మం పక్కన మెరుస్తూ నిలబడి ఉంది. పెద్దాయన దాని మూత తెరుస్తూ, మూస్తూ మురిసిపోతున్నాడు. “పదిహేనువందలకి ఒక్క పైసా ఎక్కువివ్వనన్నాను. వాడే ఆటోలో పెట్టి పంపాడు!”

ఆ మిషన్ల కొట్టుకి కోడలు ఎప్పుడూ వెళ్ళలేదు. వీధిలో సంగతి చెవిన పడి, మిగతాదంతా తన మీద రాసుకుని ఉంటారనుకుంది. మర్నాడు తను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణం యజమానిని బతిమాలి రెండు నెలల జీతం ముందుగా తీసుకుని, నేరుగా ఆ కొట్టుకి పరుగెత్తింది.

“నిన్న పెద్దాయన ఒకరు మిషను తీసుకెళ్ళారు కదండీ. ఆయన కోడల్ని. మిగతా బాకీ ఇద్దామని వచ్చాను. తక్కువైతే వాయిదాల్లో కడతాను.”

కొట్టాయన అయోమయంగా చూశాడు. “బాకీ ఏమిటమ్మా? మొత్తం నగదు కట్టేశారుగా. ధర దగ్గర పేచీ కూడా పెట్టలేదు.”

“మొత్తమా? అంత డబ్బు ఆయనకెక్కడిదండీ?”

“నేనూ అదే అడిగాను,” అంటూ ఆయన నవ్వాడు. “మీ వీధి కొట్లవాళ్ళు మొదటిరోజే ఆయనకి సంగతి చెప్పేశారట. అప్పటినుంచీ పెద్దాయన తన పింఛనులోంచి పూర్తి ధరే ఇస్తున్నారట.”

“మరి... నేను రోజూ సాయంత్రం వాళ్ళకిచ్చిన డబ్బు?”

“వాళ్ళు దాన్ని మర్నాడే ఆయన చేతిలో పెట్టేవారట. దాంతోనే కదమ్మా మిషను కొన్నారు!”