అమ్మవారి పెట్ట

డిసెంబరు వాన పట్టిన పట్టు వదల్లేదు. సెంబవాంగ్ రేవుపేటలోని తమ ఇంటి పెరట్లో పైడమ్మ, తడిసిన ముసలి పెట్టను పాత తువ్వాలుతో తుడిచి, గూట్లో పొడి రంపపు పొట్టు పరిచింది.

గుమ్మంలో నిలబడి ఆమె మొగుడు జయరాం నవ్వాడు.

"నాకు జ్వరమొస్తే ఇలా తుడిచావా ఎప్పుడైనా? హోటల్లో రూము కూడా తీసిచ్చెయ్."

ఆమె పెట్ట కాళ్ళకు పసుపూ నూనే రాసింది.

"గుడ్లు మానేసి ఎన్నాళ్ళయింది? మిగతావాటిని కోసినప్పుడు దీన్నెందుకు దాచావే? తిండి దండగ. ఆదివారం షిప్‌యార్డు వాళ్ళు మనింట్లో మకాన్ తినడానికి వస్తున్నారు. బీరులోకి కూరొండు. ముదురైనా మసాలా దట్టిస్తే తినేస్తార్లే."

"అది అమ్మవారి పెట్ట. మొక్కిన కోరిక తీరేదాకా కొయ్యకూడదు."

"ఇంత ముసలిదయ్యేదాకా తీరలేదంటే, అమ్మవారు నీ మాట విననే లేదన్నమాట." అతను మళ్ళీ నవ్వాడు. "ఇంతకీ ఏం కోరావేంటి?"

పైడమ్మ గూటికి గడియ పెట్టి, కుళాయి కింద చేతులు కడుక్కుంది.

"నువ్వు తాగుడు మానాలని. ముందు మొక్కుకున్న రెండు పెట్టలూ ముసలివై చచ్చాయి. ఇది మూడోది."